చిన్న లాడ్జిలో మెషిన్‌కి ఏం అప్పజెప్పాలి, మనిషి చేతిలో ఏం ఉంచుకోవాలి

రాజమండ్రిలో కోటిలింగాల రేవుకి దగ్గర్లో మాకు 22 రూముల లాడ్జి ఉంది. కౌంటర్లో కంప్యూటర్ పెట్టిన కొత్తలో ఓ రోజు పొద్దున్నే నలుగురు దిగారు. తండ్రి అస్థికలు గోదావరిలో కలపడానికి వచ్చిన అన్నదమ్ములిద్దరు, వాళ్ల అమ్మగారు, మేనమామ. తాళం చేతికిచ్చి నిమిషం కాలేదు, పెద్దబ్బాయి ఫోన్ టింగుమంది. మా సాఫ్ట్‌వేర్ పంపిన మెసేజి అది. ‘మీ విహారయాత్ర ఆనందంగా సాగాలి’ అని, పక్కన రెండు బెలూన్లు. ఆయన చదివి, ఏమీ అనకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

పంపింది మెషినే అయినా, ఆ పని దానికి అప్పజెప్పింది నేను. అసలు అప్పజెప్పకూడని పని అది. ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నది తేల్చుకోవడానికి మాకు చాలా నెలలు పట్టింది. అదంతా వరసగా రాస్తున్నాను. మన దగ్గర హోటల్ అనగానే పెసరట్టు గుర్తొస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా: ఇది బస ఇచ్చే హోటళ్ల గురించి. పది నుంచి నలభై రూములుండి, యజమానే కౌంటర్లో కూర్చునే రకం.

మేం పెట్టుకున్న లెక్క ఇది. అతిథి ఎదురుచూడాల్సి వచ్చే పని మెషిన్‌కి. అతిథి కంగారుపడే పని మనిషికి. బిల్లు కోసం నిలబడటం ఎదురుచూపు. అర్ధరాత్రి చంటిపిల్లకి జ్వరం రావడం కంగారు. రెండూ కలిసిన పనులు కొన్ని ఉంటాయి, చెకిన్ అలాంటిదే. వాటిని రెండు ముక్కలు చేసుకోవాలి.

మొదటి పని: ఏదీ కొనకముందు ఏడు రోజులు రాయండి

కౌంటర్లో ఒక రూళ్ల నోటుబుక్కు పెట్టండి. అతిథి అడిగిన ప్రతి మాటా, రూముల నుంచి వచ్చిన ప్రతి ఫోనూ టైముతో సహా అందులో పడాలి. అందంగా రాయక్కర్లేదు, ‘6.10, 204, వేన్నీళ్లు’ అంటే చాలు. ఆ వారంలో ఒక ఆదివారం, వీలైతే ఒక పెళ్లి ముహూర్తం పడేలా చూసుకోండి. ఖాళీ వారం రాస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

వారం తిరిగాక రెండు పెన్నులు తీసుకుని ఎదురుచూపులకి నీలం గీత, కంగారులకి ఎర్ర గీత పెట్టండి. మా పుస్తకంలో నీలం కింద పడ్డవి: వైఫై పాస్‌వర్డ్, చెకౌట్ టైము, కారు ఎక్కడ పెట్టాలి, జీఎస్టీ బిల్లు, రేవు ఎంత దూరం. ఎరుపు కింద పడ్డవి: ‘రైలు నాలుగు గంటలు లేటు, రూము ఉంచుతారా?’, ‘అమ్మ మెట్లెక్కలేదండి’, ‘పంతులుగారు ఫోన్ ఎత్తట్లేదు’, ‘పక్క రూములో తాగి అరుస్తున్నారు’. నీలం గీతలు పేజీల నిండా ఉన్నాయి, ఎర్రవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అయితే టైములు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎరుపు వచ్చిన ప్రతిసారీ మావాళ్లు నీలంలో మునిగి ఉన్నారు. మెట్లెక్కలేని పెద్దావిడ సోఫాలో కూర్చుని ఉంటే, మా కుర్రాడు ఇంకొకరికి వైఫై పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్తున్నాడు.

ఇంకో మాట. వేన్నీళ్ల ఫోన్లు తగ్గించడానికి మాకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది. ‘వేన్నీళ్లు ఉదయం 4 నుంచి 9 వరకు. ఎడమ కుళాయి రెండు నిమిషాలు వదలండి’ అని బాత్రూమ్ అద్దం పక్కన స్టిక్కర్ అంటించాం. అది చూశాక ఆ ఫోన్లు చాలావరకు ఆగిపోయాయి. స్టిక్కర్‌తో తీరేదానికి నెల నెలా అద్దె కట్టకండి.

రెండో పని: అతిథి కంటపడని చోట మొదలుపెట్టండి

జపాన్‌లోని నాగసాకి దగ్గర 2015లో హెన్ నా అనే హోటల్ తెరిచారు. కౌంటర్లోనే రోబోలు. 2019కల్లా, ఉన్న 243 రోబోల్లో సగానికి పైగా తీసేశారు. రూములో పెట్టిన బొమ్మ రోబో అతిథి గురకని ప్రశ్న అనుకుని, అర్ధరాత్రి లేపి మరీ ‘మీరన్నది అర్థం కాలేదు’ అనేదట. మెషిన్‌ని ముందు గుమ్మంలో కూర్చోబెడితే వచ్చే చిక్కు అది. మీరు వెనక గుమ్మం నుంచి తీసుకురండి.

అన్నిటికన్నా ముందు పైట్యాంకు. నీళ్లు తగ్గగానే మోటారు తనంతట తానే ఆన్ అయి, నిండగానే ఆగే కంట్రోలర్ పెట్టించండి. పెళ్లి బృందం దిగిన రోజు పొద్దున ఏడింటికి కుళాయిలో గాలి వస్తే, కౌంటర్లో ఎంత తియ్యగా మాట్లాడినా లాభం లేదు. తర్వాత జనరేటర్ ఆటో స్టార్ట్. ఈ రెండూ ఉన్నాయని ఏ అతిథికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ తర్వాత బుకింగులు. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న లాడ్జీల పరువు పోయేది ఎక్కువగా ఇక్కడే. రూములు రెండు మూడు బుకింగ్ సైట్లలో పెడతాం, ఫోన్లో కూడా ఇస్తాం, తెలిసినవాళ్లు నోటిమాటగా చెప్పినవి ఉండనే ఉంటాయి. ఫోన్లో ఇచ్చిన రూముని సైట్లో మూసేయడం మర్చిపోతాం. రాత్రి పదకొండున్నరకి హైదరాబాద్ నుంచి కారు డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన కుటుంబం కౌంటర్ ముందు నిలబడి కన్ఫర్మేషన్ చూపిస్తుంది, వాళ్ల రూములో ఇంకెవరో నిద్రపోతుంటారు. ఆ రాత్రి మీరు పక్క లాడ్జీకి పరిగెత్తి, తేడా డబ్బులు చేతి నుంచి పెట్టుకుని సర్దుతారు. ఎంత సర్దినా పిల్లలు కారులో పడుకున్న ఆ గంట వాళ్లు మర్చిపోరు.

దీనికి మందు చానల్ మేనేజర్. ఒక చోట రూము అమ్ముడైతే మిగతా సైట్లన్నిట్లో తనే తగ్గిస్తుంది. రూముల లెక్క రాసే సాఫ్ట్‌వేర్‌తో కలిపి దొరుకుతుంది. అయితే నోటిమాట బుకింగ్ కూడా అదే నిమిషంలో అందులో ఎక్కాలి. మా నాన్నగారికి రిజిస్టర్ అలవాటు. ‘ముందు ఇందులో రాసి తర్వాత ఎక్కిద్దాంలే’ అనేవారు. ఆ ‘తర్వాత’ వల్లే రెండుసార్లు ఒకే రూముని ఇద్దరికి ఇచ్చాం. చివరికి రిజిస్టర్‌ని సంతకాలకే పరిమితం చేశాం.

కొనేముందు అమ్మేవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. ఆదివారం రాత్రి సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఫోన్ ఎత్తేదెవరు, తెలుగో హిందీయో మాట్లాడతారా? నేను మానేస్తే నా అతిథుల వివరాలు, పాత బిల్లులు ఎక్సెల్‌లో ఇస్తారా? పన్ను రేటు మారితే మార్చేది మీరా నేనా? మూడోది ఊరికే చెప్పట్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న రూములకి జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన పన్ను ఇందులో తగ్గించుకోలేం. పాత రేటుతోనే బిల్లు కొట్టుకుంటూ పోతే, ఆ ఏడు శాతం తేడా అడిగేది అతిథి, తలవంచుకునేది మీరు. మొదట నెలవారీగానే తీసుకోండి, మూడేళ్లకి కడితే ఇచ్చే డిస్కౌంట్‌కి ఆశపడొద్దు.

మూడో పని: చెకిన్‌ని రెండు ముక్కలు చేయండి

చెకిన్‌లో కాగితం పని ఒకటి, మనిషిని లోపలికి పిలవడం ఇంకొకటి. ఎప్పటినుంచో రెండూ కలిపి చేస్తున్నాం కాబట్టి ఒకటే అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చే రాత్రి రైళ్లు చాలామందిని తెల్లవారకముందే మా స్టేషన్లో దించుతాయి. నిద్రకళ్లతో, చేతిలో సంచులతో వచ్చినవాళ్లని నిలబెట్టి ‘పూర్తి అడ్రస్ చెప్పండి, పిన్‌కోడ్ చెప్పండి’ అంటుంటే, వాళ్లు మన మొహం కూడా చూడరు.

కాగితం ముక్కని ముందురోజుకి జరపండి. బుకింగ్ అయినవాళ్లకి ముందురోజు సాయంత్రం ఒక లింకు పంపి, పేర్లు, ఎంతమంది, వచ్చే టైము, గుర్తింపు కార్డు తీసుకోండి. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ పంపమని మీరే చెప్పండి. కార్డుల ఫొటోలు రిసెప్షన్ కుర్రాడి సొంత ఫోన్లో పోగుపడకూడదు. లాడ్జి ఫోన్ వేరు, దాని పాస్‌వర్డ్ వేరు. వచ్చాక మిగిలేది అసలు కార్డుతో ఒకసారి సరిచూసుకోవడం, సంతకం, అంతే.

ఒక జాగ్రత్త. అమెరికా నుంచి మనవాళ్లు వస్తారు, మనకన్నా చక్కగా గోదావరి యాసలో మాట్లాడతారు, దాంతో మనం కూడా ఇండియా కార్డు అనుకుని వదిలేస్తాం. చేతిలో విదేశీ పాస్‌పోర్టు ఉంటే, విదేశీ అతిథి బస చేసిన వివరాలు, మనం ఇప్పటికీ సీ-ఫారం అంటున్నవి, 24 గంటల్లోపు ఆన్‌లైన్లో పంపాల్సిందే. లింకులోనే ‘పాస్‌పోర్టు ఏ దేశానిది?’ అన్న గడి పెడితే, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

రెండో ముక్కకి కంప్యూటర్ అక్కర్లేదు. మా దగ్గర వరస ఇది: ముందు సామాను అందుకోవాలి, తర్వాత కుర్చీ చూపించాలి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే కార్డు. మాటలు కూడా ఎక్కువేం కాదు.

‘రండి బాబాయిగారూ, రైలు లేటయిందాండి?’

‘గంటన్నర.’

‘కూర్చోండి. అబ్బాయిగారు నిన్ననే వివరాలన్నీ పంపారు. ఇక్కడొక్క సంతకం చాలండి. పిన్నిగారికి మెట్లు ఇబ్బందని రాశారు, కింద 103 ఇచ్చాం.’

ఆ చివరి మాటలో 103 వెతికింది మెషిన్, చెప్పింది మనిషి. మొత్తం వ్యవహారం ఎలా ఉండాలో అడిగితే ఈ ఒక్కటి చూపిస్తాను.

లింకు నింపనివాళ్లని చిన్నచూపు చూడకండి. బటన్ ఫోన్‌తో వచ్చే పెద్దవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం కాగితం ఫారం ఉండాలి, దాన్ని మనవాళ్లే అడిగి నింపాలి. యూపీఐ కూడా అంతే, క్యూఆర్ స్టాండు పక్కనే చిల్లర డబ్బా ఉండాలి.

నాలుగో పని: మెసేజీలు మీరే రాయండి

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రెడీమేడ్ మెసేజీలన్నీ మొదటిరోజే తీసేయండి. బెలూన్లు వచ్చింది వాటితోనే. ఇరవై రూములకి వాట్సాప్ బిజినెస్ యాప్ చాలు, ఉచితం. తరచూ పంపే మాటల్ని క్విక్ రిప్లైలుగా దాచుకోవచ్చు, ఒక్కో అతిథికి రంగు లేబుల్ తగిలించొచ్చు.

లేబుల్ దేనికంటే, వచ్చిన పని గుర్తుపెట్టుకోవడానికి. బుకింగ్ అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న ఎక్కువ అడగండి: ‘ఏం పనిమీద వస్తున్నారండి? దాన్నిబట్టి రూము చూస్తాం.’ చెప్పకపోతే వదిలేయండి. చాలామంది చెప్తారు. మావి నాలుగు లేబుళ్లు: పెళ్లి, పాపికొండల టూరు, ఆఫీసు పని, రేవు పని. చివరిది అస్థికలకి, పిండప్రదానాలకి వచ్చినవాళ్లది. ఆ లేబుల్ ఉన్నవాళ్లకి ఏ మెసేజీ తనంతట తాను వెళ్లదు. ఒక మనిషి ఫోన్ చేసి, ‘మీరు ఎన్నింటికి రేవుకి వెళ్తారండి? తడిబట్టలు మార్చుకోవడానికి వచ్చేసరికి వేన్నీళ్లు ఉంచుతాం’ అంటాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడడు.

మిగతావాళ్లకి మూడే మెసేజీలు. ముందురోజు సాయంత్రం దారి, మ్యాప్, వివరాల లింకు. దిగిన అరగంటకి వైఫై, వేన్నీళ్లు, కౌంటర్ నంబరు. చెకౌట్ ముందురోజు రాత్రి బిల్లు. నాలుగోది పంపబుద్ధయితే చెయ్యి కట్టేసుకోండి. మాది ఇలా ఉంటుంది:

‘నమస్కారమండి. రూము 207. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నాయి. వేన్నీళ్లు 4 నుంచి 9. పొద్దున టిఫిన్ కావాలంటే వీధి చివర ఉంది, నడిస్తే మూడు నిమిషాలు. ఏ అవసరమున్నా ఈ నంబరుకే ఫోన్ చేయండి, మనిషే ఎత్తుతాడు.’

రాసినదాన్ని ఒకసారి పైకి చదవండి. కౌంటర్లో నిలబడి ఎదురుగా ఉన్న మనిషితో ఆ మాటలే అనగలరా? ‘మా విలువైన అతిథికి హృదయపూర్వక స్వాగతం’ అని ఎవరి మొహం మీదా అనలేం కదా. అనలేనిది పంపొద్దు. రివ్యూలకి జవాబులు కూడా ఇంతే. సాఫ్ట్‌వేర్ తయారుచేసిచ్చే జవాబు వద్దు, దోమలున్నాయని ఒకరు రాస్తే ‘మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు’ అన్న జవాబు దోమ కన్నా గట్టిగా కుడుతుంది.

తాళాల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. కార్డు తాళాలు పెట్టండి, తాళంచెవి పోయినప్పుడల్లా తాళం మార్చే బాధ తప్పుతుంది. బ్యాటరీలు మార్చే తేదీలు క్యాలెండర్ మీద రాసుకుని, అవసరానికి తెరిచే మామూలు చెవి నైట్ డ్యూటీ అతని దగ్గర ఉంచండి. పెద్దవాళ్లకి కార్డు ఎలా పెట్టాలో తలుపు దగ్గరికి వెళ్లి చూపించాలి, కౌంటర్లో చెప్తే అర్థం కాదు.

ఐదో పని: మనిషి దగ్గరికి దారి ఒక్క అడుగే ఉండాలి

అతిథి మెసేజీలకి తనే జవాబిచ్చే సాఫ్ట్‌వేర్, అదే బాట్, పెట్టుకుంటే పెట్టుకోండి. కానీ కొన్ని మాటలు వచ్చాయంటే అది నోరు మూసుకుని, మోత మోగించి మనిషిని పిలవాలి. మా జాబితా ఆ నోటుబుక్కు ఎర్ర గీతల నుంచే తీశాం: డాక్టర్, జ్వరం, లేటు, నీళ్లు రావట్లేదు, వాసన, గొడవ, పోయింది. రాత్రి పదకొండు నుంచి ఐదు వరకు బాట్ అసలే మాట్లాడదు. ఆ వేళప్పుడు మెసేజి పెట్టేది ఊసుపోక కాదు.

ఫోన్ ఎత్తినవాడికి చేతిలో అధికారం లేకపోతే మనిషి ఉన్నా లేనట్టే. ‘ఓనర్‌గారిని అడిగి చెప్తానండి’ అన్న మాట అర్ధరాత్రి వినాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేం ఒక లెక్క పెట్టాం. నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లు అతిథి కోసం 500 రూపాయల వరకు ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టొచ్చు, రూము మార్చొచ్చు. పొద్దున పుస్తకంలో రాస్తే చాలు. మొదట్లో నాకు టెన్షనే. తీరా చూస్తే వాళ్లు నాకన్నా పిసినారులు. ఎక్కువగా ఆటోకో, మందుల షాపుకో, పాల ప్యాకెట్‌కో పెట్టారు.

ఆరో పని: మిగిలిన టైము ఎటు పోతోందో చూడండి

ఇది ఎవరూ చెప్పరు. కౌంటర్లో పని తగ్గింది, కుర్రాడికి రోజుకి రెండు గంటలు మిగిలాయి, ఆ రెండు గంటలూ రీల్స్‌లో పోయాయి. తప్పు వాడిది కాదు, ఖాళీ చేసిచ్చాను కానీ అందులో ఏం చేయాలో నేను చెప్పలేదు. అంతకన్నా ముందు చెప్పాల్సింది, ఎవరి ఉద్యోగమూ పోదని. అది చెప్పకపోతే వాళ్లే మెషిన్ ప్లగ్గు పీకుతారు. నేను చూశాను.

మిగిలిన టైముకి పేరు పెట్టి పని ఇవ్వండి. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఒకరు కౌంటర్ బయటే ఉండాలి. బయల్దేరేవాళ్లకి ఆటో, లాంచీ టైము, సామాను. సాయంత్రం కొత్తగా దిగినవాళ్లని ఒకసారి పలకరించాలి, తలుపు కొట్టి కాదు, కిందికి వచ్చినప్పుడు. విన్నవి అతిథి పేరు పక్కన రాయాలి: ‘ఉల్లి, వెల్లుల్లి తినరు’, ‘గట్టి దిండు’, ‘పైఅంతస్తు వద్దు’. మళ్లీ ఏడాదికి వచ్చినా కంప్యూటర్ గుర్తు చేస్తుంది. ఎవరు ఎవరితో వచ్చారు, ఎంత తాగారు అన్నవి మాత్రం రాయకూడదు. అతిథి ఆ స్క్రీన్ చూస్తే సిగ్గుపడేది ఏదీ అందులో ఉండొద్దు.

ఏడో పని: నెలకోసారి కంప్యూటర్ ఆపేయండి

సాయంత్రం ఆరింటికి రెండు ప్రింట్లు తీస్తాం. రాత్రి వచ్చేవాళ్ల జాబితా ఒకటి, ఏ రూములో ఎవరున్నారో ఇంకొకటి. నెట్ పోయినా, కరెంటు పోయినా ఆ రెండు కాగితాలతో తెల్లారేదాకా నడపొచ్చు. నెలలో ఒక మామూలు రోజు, చెప్పకుండా గంటసేపు నేనే కంప్యూటర్ కట్టేస్తాను. మొదటిసారి బిల్లు చేత్తో రాయడం ఎవరికీ రాలేదు, జీఎస్టీ ఎంతని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు బిల్లుబుక్కు అట్ట మీద రేటు రాసి ఉంది.

2015 జులైలో పుష్కరాల పన్నెండు రోజులూ ఇక్కడ ఉన్నవాళ్లకి ఈ అవసరం విడమర్చి చెప్పక్కర్లేదు. మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు. అంత జనం ఒకేచోట చేరితే ఫోన్ కలవడమే గగనం, లింకులూ క్యూఆర్‌లూ ఎంతవరకు పనిచేస్తాయో ఆ రోజే తెలుస్తుంది. అందుకని ఈసారి నెలవారీ గంటని మూడు గంటలు చేశాం. మొన్న ఆపినప్పుడు చెన్నై నుంచి ఒక కుటుంబం దిగింది. మా కుర్రాడు కాగితం మీద వేలు పెట్టి పేరు వెతుక్కుని, ‘ఆయ్, మీకు 105 ఉంచామండి, తాతగారు నడవలేరని రాశారు కదా’ అంటూ బ్యాగు అందుకున్నాడు. కంప్యూటర్ ఆగి ఉందని వాళ్లు గమనించనే లేదు.